‘జంపర్’ విమర్శకులకు ఎందుకు నచ్చలేదు? తరచుగా అడిగే ప్రశ్నలు

2008 ఫిబ్రవరి 14న విడుదలైన హాలీవుడ్ సినిమా ‘జంపర్’ గురించి సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఇంత మంచి ఆలోచన చేతికి దొరికితే ఇలా ఎందుకు తీశారని బాధపడేవారే వారిలో ఎక్కువ. నేనూ ఆ బాధ పడేవారిలో ఒకడిని. పదే పదే ఎదురయ్యే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కథ చివరిదాకా చర్చకు వస్తుంది కాబట్టి సినిమా చూడనివారు చూశాక చదివితే మంచిది.

కథ ఏమిటో క్లుప్తంగా చెప్పగలరా?

డేవిడ్ రైస్ అనే కుర్రాడికి అయిదేళ్ల వయసులో తల్లి ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. తండ్రి కోపిష్టి. మిల్లీ అనే సహవిద్యార్థినికి డేవిడ్ ఒక చిన్న గాజు బొమ్మ ఇస్తాడు. మరో కుర్రాడు దాన్ని లాక్కుని, గడ్డకట్టిన నది మీదికి విసిరేస్తాడు. తేవడానికి వెళ్లిన డేవిడ్ మంచు పలక విరిగి నీళ్లలో మునిగిపోతాడు. ఊపిరి ఆగిపోబోయే క్షణంలో అతను ఊళ్లోని గ్రంథాలయంలో, పుస్తకాల అరల మధ్య, చుట్టూ నీళ్లతో సహా తేలతాడు. అనుకున్న చోటికి కనురెప్పపాటులో చేరే శక్తి తనకు ఉందని అతనికి తెలిసేది అప్పుడే.

ఎనిమిదేళ్లు గడిచేసరికి బ్యాంకు ఖజానాల్లో తీసుకున్న డబ్బుతో న్యూయార్క్‌లో విలాసంగా బతుకుతుంటాడు. ఇలాంటి శక్తి ఉన్నవారిని, అంటే ‘జంపర్ల’ను, వేటాడే ‘పాలడిన్లు’ అనే రహస్య బృందం అతని వెంట పడుతుంది. ఆ వేటే మిగతా కథ.

విమర్శకులు నిజంగా అంత కఠినంగా మాట్లాడారా?

మాట్లాడారు. సమీక్షలను ఒకచోట కూర్చే రాటెన్ టొమాటోస్‌లో ఈ సినిమాకు దక్కిన మెచ్చుకోలు సుమారు 15 శాతం. అంటే ప్రతి ఏడుగురిలో ఒక్కరే బాగుందన్నారు. మెటాక్రిటిక్‌లో వందకు సుమారు 35 వచ్చాయి. ఈ రెండింటి తేడా గమనించాలి. మొదటిది ఎంతమందికి నచ్చిందో చెబుతుంది, రెండోది ఏ మేరకు నచ్చిందో చెబుతుంది. 35 అంటే అందరూ అసహ్యించుకున్నారని కాదు. చాలామంది పెదవి విరిచారని అర్థం. ఆనాటి సమీక్షల్లో కోపం కన్నా నిట్టూర్పే ఎక్కువగా వినిపిస్తుంది. చెత్త సినిమాను ఎవరూ ఇంత శ్రద్ధగా తిట్టరు. చేయి జారిన అవకాశం గురించే ఇలా రాస్తారు.

అసలు ఫిర్యాదు ఏమిటి?

సమీక్షల్లో తరచుగా కనిపించేవి మూడు: కథలో పస లేదు, కథానాయకుడి మీద ఇష్టం కలగదు, సినిమా ఒకచోట నిలవకుండా పరుగులు పెడుతుంది. నా దృష్టిలో ఈ మూడింటికీ వేరు ఒక్కటే. ఈ సినిమాలో శక్తికి వెల లేదు.

కథల్లో అద్భుత శక్తి వచ్చినప్పుడల్లా పాఠకుడూ ప్రేక్షకుడూ వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి బదులుగా ఏం ఇచ్చుకోవాలి? పురాణాల్లో వరం వెంట ఒక నియమమో, ఒక శాపమో వస్తుంది. ఆ నియమమే కథను నడిపిస్తుంది. డేవిడ్‌కు అలసట లేదు, దూరంతో పని లేదు, రోజుకు ఇన్నిసార్లే అన్న లెక్క లేదు. ఒకసారి ఈజిప్టులో స్ఫింక్స్ విగ్రహం తల మీద కూర్చుని తింటాడు, మరో గంటకు ఇంకో ఖండంలో అలల మీద తేలుతుంటాడు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. పదిహేను నిమిషాలు గడిచాక ఆ ముచ్చట తీరిపోతుంది. ఎక్కడి నుంచైనా తప్పించుకోగలిగినవాడు ఆపదలో పడ్డాడని చెబితే మనసు నమ్మదు.

ఒక్క సన్నివేశం దగ్గర నుంచి చూద్దాం. డేవిడ్ తన ఇంట్లో ఉంటాడు. టీవీలో వరద వార్త వస్తుంది. నీళ్లలో చిక్కుకున్నవారి దగ్గరికి ఎవరూ చేరుకోలేకపోతున్నారని, ఏదో మహిమ జరిగితే తప్ప వారు బతకరని వార్త చెబుతున్నవారు అంటారు. ఆ మహిమ చేయగలిగిన మనిషి సోఫాలోనే ఉన్నాడు. అతను ఒకసారి చూసి, తన పని మీద తాను వెళ్లిపోతాడు. ఇదే సోఫాలో చేతికి అందని రిమోట్ కోసం కూడా అతను ఈ శక్తినే వాడతాడు.

ఈ రెండు చిన్న దృశ్యాల్లో గొప్ప సినిమాకు కావలసిన విత్తనం ఉంది. ఇంత స్వార్థపరుడైన కుర్రాడు ఏదో ఒక రోజు ఆ వరద దగ్గరికి తిరిగి వెళ్లవలసి వస్తుందని మనం ఎదురుచూస్తాం. అతను వెళ్లడు. సినిమా ఆ వార్తను మళ్లీ తలచుకోదు. రచయితలు కావాలనే ఆ దృశ్యం పెట్టారు, తర్వాత దాన్ని మరిచిపోయారు. విమర్శకులకు కథానాయకుడు నచ్చలేదంటే కారణం ఇక్కడుంది. స్వార్థం తప్పు కాదు. స్వార్థపరుల కథలు ఎన్నో గొప్పగా వచ్చాయి. ఆ స్వార్థాన్ని కథ పట్టించుకోకపోవడమే తప్పు.

హేడెన్ క్రిస్టెన్సెన్ నటనే సినిమాను ముంచిందంటారు. నిజమా?

నింద చాలావరకు డేవిడ్‌గా నటించిన ఆయన మీదే పడింది. అప్పటికే 2002, 2005 స్టార్ వార్స్ చిత్రాల్లో ఆయన నటన మీద విమర్శలు ఉన్నాయి. ‘జంపర్’ చూడటానికి వచ్చిన సమీక్షకులు ఆ అభిప్రాయాన్ని వెంట తెచ్చుకున్నారు. ‘ముఖంలో భావం పలకదు’ అన్న మాట అలవాటుగా దొర్లింది.

నేను ఆయనను పూర్తిగా వెనకేసుకు రాను. ప్రేమ సన్నివేశాల్లో నిజంగానే చలనం లేదు. కానీ 2003లో వచ్చిన ‘షాటర్డ్ గ్లాస్’లో అబద్ధపు వార్తలు అల్లే పాత్రికేయుడిగా ఆయన ఎంత బాగా చేశారో చూసినవారికి తెలుసు. మాటకు మాట అల్లుతూ, దొరికిపోతానేమోనని లోలోపల వణికే పాత్ర అది. డేవిడ్ పాత్రకు అలాంటి లోపలి మనిషి లేడు. ఏది కావాలన్నా క్షణంలో దొరికేవాడికి కోరిక ఏముంటుంది? కోరిక లేని పాత్రను ఏ నటుడికి ఇచ్చినా చేతులు కట్టేసినట్టే.

ఈ పాత్రకు మొదట అనుకున్నది టామ్ స్టరిడ్జ్ అనే ఇంకా చిన్న వయసు నటుడిని. తర్వాత మార్చారు. మిల్లీ పాత్ర కూడా చేతులు మారి రేచల్ బిల్సన్‌కు వచ్చింది. పిల్లల కథగా పుట్టింది పెద్దల ప్రేమకథగా మారడంలో ఈ మార్పుల ప్రభావం ఉందని నా నమ్మకం. డబ్బు ఎక్కడిదో, పాస్‌పోర్ట్ ముద్రలు ఎందుకు లేవో అడగకుండా మిల్లీ అతని వెంట రోమ్‌కు బయల్దేరడం పదిహేడేళ్ల అమ్మాయి విషయంలో నమ్మవచ్చు. పెద్దయిన మిల్లీ అలా చేస్తే ఆమెకు తెలివి లేదన్నట్టు కనిపిస్తుంది. ఆ పాత్రకు జరిగిన అన్యాయం అంతా ఇంతా కాదు.

మెచ్చుకున్నవి ఒక్కటీ లేవా?

ఉన్నాయి, అవి చిన్నవి కావు.

మొదటిది జేమీ బెల్. గ్రిఫిన్ అనే మరో జంపర్‌గా ఆయన వచ్చిన క్షణం నుంచి తెరకు ప్రాణం వస్తుంది. గ్రిఫిన్ తల్లిదండ్రులను పాలడిన్లు చంపేశారు. ఎడారిలో ఒక గుహను ఇల్లు చేసుకుని, వాళ్లను ఒక్కొక్కరినే వేటాడుతూ బతుకుతుంటాడు. మాటలో వెటకారం, ఒంట్లో కసి, ఎవరినీ దగ్గరికి రానివ్వని భయం ఉన్న పాత్ర. రోమ్‌లోని పురాతన క్రీడారంగం కొలోసియంలో డేవిడ్‌ను మొదటిసారి కలిసినప్పుడు అతను నిలబడే తీరు చూడండి. స్నేహం చేద్దామా, పారిపోదామా అన్న ఊగిసలాట అంతా ఆ భుజాల్లో కనిపిస్తుంది. తప్పు కుర్రాడిని కథానాయకుడిని చేశారని చాలామందికి అనిపించింది ఇందుకే. చివర్లో డేవిడ్ అతన్ని యుద్ధభూమిలో విద్యుత్ తీగల మధ్య ఇరికించి వదిలేసి వెళ్లిపోతాడు. సినిమా అంతటిలో నాకు నొప్పి కలిగించింది ఆ ఒక్క క్షణమే. నొప్పి కలిగింది గ్రిఫిన్ కోసం.

రెండోది విజువల్ ఎఫెక్ట్స్. జోయెల్ హైనెక్ పర్యవేక్షణలో తయారైన ఆ గెంతులు ఇప్పటికీ పాతబడలేదు. మనిషి మాయమైన చోట గాలి ముడుచుకుపోయినట్టు ఒక మచ్చ మిగులుతుంది. చుట్టూ కాగితాలు ఎగురుతాయి, గోడ పగులుతుంది, తడి ఉంటే తడి వెంట వస్తుంది. గ్రిఫిన్ దూకేది ఒక రకం, డేవిడ్ దూకేది మరో రకం. ఒకే శక్తికి ఇద్దరు మనుషుల స్వభావాన్ని అద్దారు. లండన్ వీధుల్లో తిరిగే రెండంతస్తుల బస్సు ఎడారిలో ఊడిపడే దృశ్యాన్ని తిట్టినవారు కూడా మరచిపోలేదు.

మూడోది నిజమైన ప్రదేశాలు. కొలోసియం లోపల చిత్రీకరణకు అనుమతి దొరకడమే అరుదు. అక్కడి రాళ్ల మీద పడే ఎండ స్టూడియోలో తయారయ్యేది కాదు.

శామ్యూల్ ఎల్. జాక్సన్ ఉన్నా ప్రతినాయకుడు ఎందుకు తేలిపోయాడు?

జాక్సన్ పోషించిన పాలడిన్ల నాయకుడు రోలండ్‌కు తెల్లజుట్టు ఉంది, కత్తి ఉంది, గంభీరమైన గొంతు ఉంది. కారణం లేదు. ఒకేసారి అన్ని చోట్లా ఉండగలిగే శక్తి దేవుడికే ఉండాలని అతను అంటాడు. అంతే. వందల ఏళ్లుగా ఈ వేట సాగుతోందని చెబుతారు గానీ, ఎవరు మొదలుపెట్టారో, డబ్బు ఎవరిస్తున్నారో, వాళ్లలో సందేహం కలిగినవాడు ఒక్కడైనా ఉన్నాడో చెప్పరు.

సందేహం కలిగిన వ్యక్తి నిజానికి కథలోనే ఉంది. డేవిడ్ తల్లి కూడా పాలడినే. కొడుకు అయిదేళ్లకే తొలిసారి గెంతాడని, చంపడమో వదిలి వెళ్లడమో తేల్చుకోవలసి వచ్చి వెళ్లిపోయానని చివర్లో చెబుతుంది. డయాన్ లేన్ అంతటి నటిని తెచ్చి, ఇంత బరువైన సంగతిని చివరి కొద్ది నిమిషాల్లో గుమ్మం దగ్గర నాలుగు మాటల్లో తేల్చేశారు. సినిమా మొదలు కావలసిన చోటు అదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నవలకూ సినిమాకూ తేడా ఎంత?

పేరు, శక్తి, గ్రంథాలయం, బ్యాంకు దొంగతనం దాటితే పోలిక తక్కువ. సినిమాకు ఆధారమైన స్టీవెన్ గూల్డ్ నవల 1992లో వచ్చింది. అందులో పాలడిన్లు లేరు. పదిహేడేళ్ల డేవిడ్ తాగుబోతు తండ్రి దెబ్బల నుంచి తప్పించుకునే క్షణంలో మొదటిసారి మాయమవుతాడు. తల్లి వెళ్లిపోయింది కూడా ఆ దెబ్బలు భరించలేకే. చాలా ఏళ్లకు ఆమెను కలుసుకుంటాడు. ఆ తర్వాత కొద్దికాలానికే ఆమె ఉగ్రవాదుల చేతిలో చనిపోతుంది. విమానాల హైజాకింగ్ జరిగిన చోటికి వెళ్లి బందీలను కాపాడటం డేవిడ్ మొదలుపెట్టేది ఆ దుఃఖంలోనే.

వరద వార్త చూసి లేచి వెళ్లిపోయే సినిమా డేవిడ్‌నూ, ఈ డేవిడ్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. నవలలో శక్తి అంటే పారిపోవడం. ఎంత దూరం పారిపోయినా గాయం వెంట వస్తుందని ప్రతి అధ్యాయమూ గుర్తు చేస్తుంది. సినిమాకు స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ ఎస్. గోయర్, జిమ్ ఉల్స్, సైమన్ కిన్‌బర్గ్ ముగ్గురూ పేరున్నవారే. వాళ్లు ఆ గాయాన్ని తీసేసి, దాని స్థానంలో రహస్య బృందాన్ని పెట్టారు. సినిమా కథకు తగ్గట్టు గ్రిఫిన్ గతాన్ని గూల్డ్ 2007లో విడిగా నవలగా రాశారు. గ్రిఫిన్ నచ్చినవారు అది చదవాలి.

దర్శకుడు డగ్ లైమన్ సమర్థుడే కదా?

సందేహం లేదు. 2002లో ‘ది బోర్న్ ఐడెంటిటీ’, 2005లో ‘మిస్టర్ అండ్ మిసెస్ స్మిత్’ తీశారు. తర్వాత 2014లో ‘ఎడ్జ్ ఆఫ్ టుమారో’ తీశారు. ఈ చివరి సినిమా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అందులోనూ కథానాయకుడికి అద్భుత శక్తే, చనిపోయిన ప్రతిసారీ అదే రోజు మళ్లీ మొదలవుతుంది. కానీ ప్రతిసారీ చావాలి. పిరికివాడిగా మొదలైన మనిషి ఆ చావుల్లోంచి నేర్చుకుంటాడు. వెల ఉన్న శక్తి దొరికితే ఇదే దర్శకుడు ఏం చేయగలడో అక్కడ కనిపిస్తుంది.

నిడివి 88 నిమిషాలే. తక్కువ కావడమూ కారణమేనా?

అవును. పరిచయం కాగానే గొడవ, గొడవ కాగానే ముగింపు. స్నేహం కుదరడానికీ, అనుమానం పెరగడానికీ తెర మీద సమయం లేదు.

శాస్త్రం తప్పని విమర్శించారా?

పెద్దగా లేదు. ఇలా ఒకచోట మాయమై మరోచోట తేలడాన్ని చెప్పే ‘టెలిపోర్టేషన్’ అన్న మాటను 1931లో చార్లెస్ ఫోర్ట్ తన పుస్తకంలో వాడినప్పటి నుంచి కాల్పనిక సాహిత్యం దాన్ని స్వేచ్ఛగానే వాడుకుంటోంది. ఆల్ఫ్రెడ్ బెస్టర్ 1956లోనే ప్రతి ఒక్కరూ ఇలా ప్రయాణించే లోకాన్ని నవలగా రాశారు. అక్కడ దూరానికి హద్దులున్నాయి, చేరవలసిన చోటు మనసులో స్పష్టంగా ఉండాలి. ఆ హద్దుల వల్ల జైళ్లు, ఇళ్లు, వ్యాపారం ఎలా మారతాయో చూపించారు.

క్వాంటం టెలిపోర్టేషన్ వేరే సంగతి. 1993లో సిద్ధాంతం వచ్చింది, 1997లో ప్రయోగం జరిగింది, 2017లో చైనా శాస్త్రవేత్తలు భూమి నుంచి ఉపగ్రహం దాకా చేసి చూపారు. అక్కడ చేరేది వస్తువు కాదు, ఒక కణం తాలూకు స్థితి మాత్రమే. పైగా అది చేరాలంటే మొదటి చోట ఉన్న స్థితి చెరిగిపోవాలి, మామూలు పద్ధతిలో ఒక సందేశమూ పంపాలి. ప్రకృతి కూడా ఈ పనికి వెల అడుగుతుందన్నమాట. ప్రేక్షకులు భౌతిక శాస్త్ర పాఠం కోరలేదు. కథ తనకు తాను పెట్టుకున్న నియమాలు ఏమిటని మాత్రమే అడిగారు. పాలడిన్లు విద్యుత్ తీగలు చుట్టి జంపర్లను కట్టేస్తారు, ఎందుకంటే విద్యుత్తు తగిలితే మనసు కుదరక గెంతలేరు. ఇది మంచి నియమం. కానీ పతాక సన్నివేశంలో డేవిడ్ ఆ తీగలతోపాటు గది మొత్తాన్నే నదిలోకి లాక్కుపోతాడు. బలంగా అనుకుంటే చాలన్నది తప్ప దానికి వేరే వివరణ దొరకదు. ఉన్న ఒక్క నియమమూ అక్కడితో పోయింది.

ఇదే శక్తిని బాగా చూపిన సినిమా ఏదైనా ఉందా?

2003లో వచ్చిన ఎక్స్-మెన్ రెండో భాగం ప్రారంభ సన్నివేశం. నైట్‌క్రాలర్ అనే పాత్ర వైట్ హౌస్‌లోకి చొరబడి, అధ్యక్షుడి గది దాకా వెళతాడు. నల్లని పొగ వదిలి మాయమవుతూ, పక్కనే తేలుతూ, కాపలావారిని ఒక్కొక్కరినే దాటుతుంటాడు. అతను చేరవలసిన గది ఏదో మనకు తెలుసు, మధ్యలో ఎన్ని తలుపులున్నాయో తెలుసు. దూరం తరుగుతున్న కొద్దీ గుండె వేగం పెరుగుతుంది. ‘జంపర్’ పోరాటాల్లో ప్రదేశాలు ఎంత వేగంగా మారతాయంటే, ఎవరు ఎవరికి ఎంత దగ్గరగా ఉన్నారో అర్థమయ్యేలోపే ఖండం మారిపోతుంది.

వసూళ్లు బాగానే వచ్చాయి కదా, రెండో భాగం ఎందుకు రాలేదు?

సుమారు 8.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా సుమారు 22.5 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో అమెరికా, కెనడా వాటా 8 కోట్లు. విడుదలైన వారం అక్కడ మొదటి స్థానం కూడా దక్కింది. అయితే వసూళ్లలో థియేటర్ల వాటా పోవాలి, ప్రచార ఖర్చు వేరుగా లెక్కించాలి. అవన్నీ తీసేస్తే గొప్ప లాభమేమీ కాదు. ట్రైలర్ చూసి జనం వచ్చారు, కానీ రెండో కథ కోసం పట్టుబట్టేంత ప్రేమ పుట్టలేదు. ముగింపు మాత్రం రెండో భాగం ఖాయమన్నట్టే ఉంటుంది. రోలండ్‌ను ఎత్తైన కొండ గుహలో వదిలేస్తారు, తల్లితో సంగతి తేలదు, గ్రిఫిన్ ఏమయ్యాడో తెలియదు. తలుపు తీసే సవతి చెల్లెలిగా ఒక్క నిమిషం కనిపించే అమ్మాయి క్రిస్టెన్ స్టీవర్ట్. అదే ఏడాది చివర్లో ఆమె పెద్ద తార అయింది.

‘ఇంపల్స్’ సిరీస్‌కు దీనితో సంబంధం ఉందా?

ఉంది. గూల్డ్ రాసిన తర్వాతి నవల ఆధారంగా 2018లో యూట్యూబ్‌లో వచ్చింది. లైమన్ నిర్మాతల్లో ఒకరు, మొదటి ఎపిసోడ్‌కు దర్శకుడు కూడా. హెన్రీ అనే పదహారేళ్ల అమ్మాయి మీద ఒక కుర్రాడు అత్యాచారానికి ప్రయత్నించినప్పుడు ఆమెలోని శక్తి బయటపడుతుంది. ఆ గెంతుకు ముందు ఆమెకు మూర్ఛ వచ్చినట్టవుతుంది, చుట్టూ ఉన్నవన్నీ నుజ్జవుతాయి, భయం మళ్లీ కలిగితే శక్తి మళ్లీ తన్నుకొస్తుంది. మొదట్లో ఆమె చేరేది తన గదికే. పిరమిడ్లు లేవు, అలలు లేవు. విమర్శకులు ఈసారి మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. రెండు సీజన్లతో ఆగిపోవడం విచారకరం.

ఇప్పుడు చూస్తే బాగుంటుందా?

చూడండి. గంటన్నర కూడా పట్టదు. మొదటి పావుగంటను తొందరపడకుండా చూడండి. మంచు విరగడం, నీళ్లతో సహా పుస్తకాల మధ్య పడటం, తండ్రి తలుపు బాదుతుంటే గదిలోంచి కుర్రాడు మాయమవడం బాగా తీశారు. చిన్న డేవిడ్‌గా నటించిన మ్యాక్స్ థీరియట్ ముఖంలో భయమూ ఆనందమూ కలిసే ఉంటాయి. గ్రంథాలయం నేల మీద తడిసి ముద్దై, వణుకుతూ, తాను ఎక్కడున్నాడో పోల్చుకునే ఆ కుర్రాడిని చూస్తే ఈ సినిమా మీద నాకు ఇంకా మమకారం ఎందుకు పోలేదో మీకు అర్థమవుతుంది.